సోజు, సిగరెట్, సూప్: కొరియావాళ్ల ఆయుష్షు లెక్క

యాంకర్: 1970లో దక్షిణ కొరియాలో సగటు ఆయుర్దాయం 62 ఏళ్లు. ఇప్పుడు 83 దాటింది. అదేమో సోజు అనే అక్కడి మందూ సిగరెట్టూ గట్టిగా అలవాటున్న దేశం. ఇదెలా సాధ్యమైంది డాక్టర్ గారూ?

డాక్టర్: సిగరెట్ సంగతి ముందు చెప్తా. 1998లో అక్కడి మగవాళ్లలో నూటికి 66 మంది కాల్చేవాళ్లు. ఇప్పుడు 30 దగ్గరికి దిగింది. 2015 జనవరిలో పెట్టె ధర 2,500 వోన్ల నుంచి ఏకంగా 4,500 చేశారు. మరుసటేడు చివర్లో పెట్టెల మీద జబ్బు బొమ్మలొచ్చాయి. అయినా క్యాన్సర్ చావుల్లో ఇప్పటికీ ఊపిరితిత్తులదే మొదటి స్థానం. అప్పుడు కాల్చినదానికి ఇప్పుడు అనుభవిస్తున్నారు.

యాంకర్: ఎవరు ఎంత కాలుస్తారో, ఎంత తాగుతారో ప్రభుత్వానికెలా తెలుస్తుంది?

డాక్టర్: దేశమంతటికీ ఒకటే ఆరోగ్య బీమా సంస్థ. సాధారణంగా రెండేళ్లకోసారి పరీక్షలు చేస్తారు. ఒక ఫారం ఇస్తారు, కాలుస్తారా, వారానికెన్నిసార్లు తాగుతారు, ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు అని. ఆ జవాబుల్ని తర్వాతి ఆసుపత్రి రికార్డులతో, మరణాల నమోదుతో కలిపి చూస్తారు.

ఇంజినీర్: కొరియాలోని ఉల్సాన్ నగరంలో పనిచేసినప్పుడు నేనూ నింపాను ఆ ఫారం. మా సెక్షన్లో తాగుబోతులంతా వారానికి ఒక్కసారే అని టిక్కు పెట్టేవాళ్లు! (నవ్వులు)

డాక్టర్: అందుకే ఆ అంకెల్ని కాస్త తగ్గించి నమ్మాలి. ఇంకో చిక్కుంది. ఇప్పుడు తాగనివాళ్లలో జబ్బు చేసి మానేసినవాళ్లూ ఉంటారు. వాళ్లని విడదీయకపోతే కొంచెం తాగడమే మంచిదన్నట్టు లెక్క తేలుతుంది.

ఇంజినీర్: అక్కడ తాగడం సొంత ఇష్టం కాదండీ. ఆఫీసు అయ్యాక హ్వేసిక్ అని టీమంతా కలిసి వెళ్లాలి. పెద్దాయన గ్లాసులో పోస్తే రెండు చేతులతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పి తాగాలి. వద్దనడం నాకు చాలా కష్టమయ్యేది. 2018లో వారానికి 52 గంటల పని పరిమితి వచ్చాక కొంత తగ్గిందంటారు.

డాక్టర్: ఒక గ్లాసుకే మొహం ఎర్రబడేవాళ్లు ఉండేవారా?

ఇంజినీర్: బోలెడుమంది. తాగగా తాగగా అలవాటైపోతుందనేవాళ్లు.

డాక్టర్: అదే ప్రమాదం. మద్యం విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్‌ని వాళ్ల ఒంట్లో ఎంజైమ్ సరిగా కరిగించలేదు. అది పుట్టుకతో వచ్చే జన్యు తేడా. ఎరుపు తగ్గినా విషం తగ్గదు. అలాంటివాళ్లు తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది.

యాంకర్: తిండి మాటేమిటి? కిమ్చీ, అదే వాళ్ల పులియబెట్టిన కూర, ఆరోగ్యమంటూ ఇక్కడ తెగ ప్రచారం.

డాక్టర్: కిమ్చీలో ఉప్పుంది, సూపుల్లోనూ ఉంది. 2010లో రోజుకి సగటున 4,800 మిల్లీగ్రాముల సోడియం, అంటే ఉప్పులో ఉండే పదార్థం, తినేవారు, పదేళ్లలో 3,200కి తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 2,000 లోపు. కూర ముక్కలు తిని రసం గిన్నెలో వదిలేస్తే చాలా ఉప్పు తప్పించుకోవచ్చు. ఉప్పూ, హెలికోబాక్టర్ అనే బాక్టీరియా కలిసి అక్కడ కడుపు క్యాన్సర్‌ని పెంచాయి. అందుకే 40 నిండిన వాళ్లకి రెండేళ్లకోసారి ఎండోస్కోపీ, అంటే కెమెరా గొట్టం దించి కడుపు లోపల చూడటం. తొందరగా పట్టుకుంటున్నారు కాబట్టే రోగుల్లో నాలుగింట మూడొంతులకు పైగా అయిదేళ్లు దాటి బతుకుతున్నారు.

యాంకర్: మరి బరువు?

డాక్టర్: 2006లో 12 లక్షల మంది కొరియన్లని 12 ఏళ్లు గమనించిన అధ్యయనం వచ్చింది. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, 23 నుంచి 25 మధ్య ఉన్నవాళ్లలో చావులు తక్కువ. అంతకన్నా సన్నబడినా ముప్పే, లావైనా ముప్పే. అక్కడ 25 దాటితే ఊబకాయం కింద లెక్క, మన దేశంలోనూ డాక్టర్లు అదే గీత వాడతారు. ఇప్పుడక్కడ మగవాళ్లలో దాదాపు సగం మంది ఆ గీత దాటారు. సిగరెట్ మీద గెలిచినంత తేలిగ్గా దీనిమీద గెలవలేరని నా అనుమానం.

ఇంజినీర్: నాకు 43, డాక్టర్ గారూ. అక్కడ కంపెనీవాళ్లు ఎండోస్కోపీ చేయించారు. ఇక్కడికొచ్చాక చేయించలేదు.

డాక్టర్: మన దగ్గర కడుపు క్యాన్సర్ అంతగా లేదు, లక్షణాలేమీ లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?

ఇంజినీర్: అది కూడా అక్కడే.