పాత సామానుతో ఇంటి పనులు: రంపం పట్టే ముందు

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు కూల్చినప్పుడో, గది మార్చినప్పుడో ఒక పక్కన గుట్టగా పడేస్తారు చూడండి... తలుపులు, కిటికీ రెక్కలు, దూలాల ముక్కలు, ఇటుకలు. వాటిని చూసి ‘ఇంత మంచి చెక్క పొయ్యిలోకి పోతోందే’ అని మనసులో అనుకునేవాళ్ల కోసం ఈ ప్రసంగం. ఆ సామానుతో మన చేతులతోనే గోడకు ఒక అర, అంటే షెల్ఫు, బిగించాలన్నా, పాత తలుపును గుమ్మానికి అమర్చాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ఇంటికి తేకూడదు, పని ఎక్కడ చెడుతుంది అన్నది చెప్పుకుందాం.

పాత సామాను ఊరికే దొరికినా ఉచితం మాత్రం కాదు. కొత్త పలకకు డబ్బు పెడతాం, పాత పలకకు పొద్దు పెడతాం. మేకులు లాగడం, రంగు గీకడం, ఆరబెట్టడం, చదును చేయడం, ఇదంతా కలిపితే సగానికి పైగా పని రంపం పట్టకముందే ఉంటుంది. తొందరపడి ఆ సగాన్ని దాటేస్తే మిగతా సగంలో ఎంత నేర్పు చూపినా లాభం లేదు. ఇంకో సంగతి. కొత్త సామానైతే ముందు కొలతలు గీసుకుని, తర్వాత కొంటాం. ఇక్కడ వరస తిరగబడుతుంది. చేతికొచ్చిన పలకలో చివరలు పోగా, పుచ్చు పోగా మిగిలేది ఎంతో తేలాకే గోడ అర పొడవు ఎంతో రాసుకోవాలి.

ముందు, వద్దనాల్సినవి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. వాటిని కోయడం, చిల్లులు వేయడం, విరగ్గొట్టడం ఏదీ చేయకూడదు. దాని పీచు ఊపిరితిత్తుల్లో దిగితే తిరిగి రాదు. రైలు పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లకు క్రియోసోట్ అనే తారు నూనె పట్టించి ఉంటుంది. వాటిని ఇంట్లోకి తేకండి, కూరగాయల మడికి గట్టుగానూ పెట్టకండి. లేత ఆకుపచ్చ రంగు పట్టి ఉన్న పాత చెక్కకు ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి ఉండే అవకాశం ఉంది. దాన్ని కోయవద్దు, ఆ ముక్కల్ని పొయ్యిలో అసలే వేయవద్దు. సరుకు రవాణాకు వాడే ప్యాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టి. అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు తగిలించారని అర్థం, అది తీసుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. దాన్ని వదిలేయండి. ముద్రే లేకపోతే, నూనె మరకలో ఘాటు వాసనో ఉంటే, అదీ వద్దు. పాత కరెంటు తీగలు, స్విచ్చులు, గ్యాసు వాల్వులు ఎంత బాగా కనిపించినా మళ్లీ బిగించేవి కావు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు నీళ్లకు ఉబ్బితే దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, అది చెత్తే.

ఇక చెక్క పరీక్ష. పలకను కంటి ఎత్తుకు లేపి, ఒక కొస నుంచి అంచు వెంబడి చూపు సారిస్తే వంపు తెలిసిపోతుంది. మెలిక మాత్రం అలా దొరకదు. దానికి ఒకే వెడల్పున్న రెండు తిన్నని కర్రలు కావాలి. పలక ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి అడ్డంగా పెట్టి, వంగి మొదటిదాని మీదుగా రెండోదాన్ని చూడండి. రెండు పై అంచులూ ఒకదానికొకటి సమానంగా కనిపిస్తే మెలిక లేదు. ఒకవైపు పైకి లేచి కనిపిస్తే ఉంది. కాస్త దోనెలా వంగిన పలకను సన్నని బద్దలుగా చీల్చి వాడుకోవచ్చు. మెలిక పడిన పొడవాటి పలకను మాత్రం చిన్న ముక్కలుగా కోసుకోవడమే దారి, బలవంతంగా బిగిస్తే ఏదో ఒక రోజు స్క్రూల్ని పీకేస్తుంది.

తర్వాత స్క్రూడ్రైవర్ మొన. ద్వారబంధాల అడుగు భాగం, కిటికీ కింది అడ్డచెక్క, మేకుల చుట్టూ, జాయింట్ల దగ్గర గుచ్చి చూడాలి. చేవ ఉన్న చెక్క మొనను ఎదిరిస్తుంది. పుచ్చిన చోట మొన వెన్నలోకి పోయినట్టు పోతుంది. పైకి రంగు నిగనిగలాడుతున్నా ఇది దాగదు. సన్నని చిల్లుల్లోంచి మెత్తని పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని గుర్తు. ఆ పిండిని దులిపేసి, పలకను నల్ల కాగితం మీద వారం రోజులు ఉంచండి. మళ్లీ రాలితే ఇంట్లోకి వద్దు. చిల్లులున్నా పిండి రాలకపోతే, రంగంతా గీకేశాక, లీటరు గోరువెచ్చని నీళ్లలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి కుంచెతో రెండుసార్లు పట్టించండి. చేతులకు తొడుగులు ఉండాలి, పిల్లలకు అందకుండా చూడాలి. ఈ మందు రంగు ఉన్న చెక్కలోకి దిగదు. వానకు కొట్టుకుపోతుంది కూడా, కాబట్టి ఇంటి లోపలి పనులకే.

పాత రంగుల సంగతి జాగ్రత్తగా వినండి. పాత ఇళ్ల తలుపుల మీది పూతల్లో సీసం ఉండొచ్చు. ఆ పొడి పిల్లల మెదడుకు చేటు. అందుకే ఎంత పాతదో తెలియని రంగును సీసం ఉన్నట్టే చూడాలి. పొడిగా ఉప్పు కాగితం పట్టకూడదు, మంటతో కాల్చకూడదు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, చెక్క మీద నీళ్లు చల్లుతూ, తడిగానే గీకాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్-95 మాస్కు ఉండాలి. పని అయ్యాక ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడిచి, ఆ రాలిన పెచ్చులన్నీ పట్టాలోనే చుట్టి కట్టేయండి. చిన్న పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. చెక్క మీద ఉన్నది రంగా, లక్క పాలిషా అన్న అనుమానం వస్తే, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక మూల రుద్దండి. లక్క అయితే కరిగి దూదికి అంటుకుంటుంది. అప్పుడు గీకే శ్రమ చాలా వరకు తప్పుతుంది.

మేకులు. ఓపికకు పరీక్ష ఇదే. వెనక పక్కకు మేకు మొన పొడుచుకు వచ్చి మడిచి ఉంటే, ముందు దాన్ని పట్టకారుతో తిన్నగా చేయాలి. మొన మీద సుత్తితో తేలిగ్గా కొడితే అటు పక్క తల అర సెంటీమీటరు పైకి లేస్తుంది. అప్పుడు పలకను తిప్పి, సుత్తి చీలిక కింద ఒక చిన్న చెక్కముక్క పెట్టి లాగాలి. ఆ ముక్క లేకపోతే సుత్తి తల పలకను నొక్కి గుంట చేస్తుంది. పైగా మేకు నిటారుగా రాకుండా వంగి, చిల్లును చీలుస్తుంది. తుప్పు పట్టి తల విరిగిపోయిందా, సన్నని ఉక్కు మొనతో మేకును అటు పక్కకు దిగ్గొట్టండి. ప్యాలెట్ల మేకులకు మెలికల గాడులుంటాయి, లాగితే పలకే చీలుతుంది. రెండు చెక్కల సందులో ఇనుము కోసే బ్లేడు దూర్చి మేకును కోసేయడం మేలు.

పలకలో కనబడకుండా మిగిలిన మేకే అసలు ప్రమాదం. రంపం పళ్లు విరగ్గొట్టేదీ, చిత్రికకు గంటు పెట్టేదీ, కరెంటు రంపాన్ని మీద మీదకు తోసేదీ అదే. బలమైన అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి పలకంతా జార్చి చూడండి, ఇనుము ఉన్న చోట చేతిని పట్టి ఆపుతుంది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. టేకులాంటి చెక్కలో ఇనుము చుట్టూ నల్లటి మరక పడుతుంది. మరక ఉండి చిల్లు కనబడకపోతే, లోపల విరిగిన మేకు ఉందని అనుకోవడమే క్షేమం.

రంగు పూసి బిగుసుకుపోయిన స్క్రూలకు ఒక కిటుకు. తల గాడిలోని రంగును సూదితో గీకి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి, దాని పిడి మీద సుత్తితో ఒక దెబ్బ వేయండి. ఆ తర్వాత ముందు కాస్త బిగించే వైపు తిప్పి, అప్పుడు విప్పండి. పట్టు వదులుతుంది.

శుభ్రం చేసిన పలకల్ని ఎండలో పెట్టకండి, చీలుతాయి. గాలి ఆడే నీడలో, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సన్నని బద్దలు పెట్టి పేర్చండి. ఎప్పుడు ఆరిందో తెలియాలంటే ఒక ముక్కను మూడు రోజులకొకసారి తూచండి. బరువు తగ్గడం ఆగిన రోజున చెక్క సిద్ధం. బయట వానకు తడిసిన దాన్ని ఆత్రపడి బిగిస్తే నెల తిరిగేలోపు జాయింట్లు నోరు తెరుస్తాయి.

ఇప్పుడు గోడ అర కట్టుకుందాం. 25 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవున్న పలక అనుకోండి. పుస్తకాలతో నిండితే 25, 30 కిలోల బరువు దాని మీద పడుతుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే, అదే బరువుకు పలక వంగడం 8 రెట్లు అవుతుంది. మందం సగమైనా అంతే, 8 రెట్లు. అందుకే పాత పలకను అద్దంలా చేయాలన్న ఉబలాటంతో చిత్రిక పట్టీ పట్టీ 25ను 20కి దించితే వంగడం దాదాపు రెండింతలవుతుంది. గంట్లు కొన్ని అలాగే ఉండనివ్వండి, పాత చెక్కకు అవే అందం. బ్రాకెట్లు రెండూ చివర్లలో పెట్టకూడదు. ఒక్కో చివర నుంచి 20, 22 సెంటీమీటర్లు లోపలికి పెడితే నడుమ దూరం 60 లోపు ఉంటుంది, పలక అతి తక్కువగా వంగుతుంది.

గోడలో చిల్లు వేసేటప్పుడు పైనున్న ప్లాస్టరింగ్‌ను లెక్కలోకి తీసుకోకండి. అది ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది, దానికి పట్టు లేదు. 8 మిల్లీమీటర్ల చిల్లు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు మొత్తం ఇటుకలోకి దిగేలా కొట్టి, 5 మిల్లీమీటర్ల మందం, 60 మిల్లీమీటర్ల పొడవున్న స్క్రూ బిగించాలి. స్విచ్చు బోర్డుకు నేరుగా పైనా కిందా, కుళాయికి నేరుగా పైనా చిల్లు వేయవద్దు, తీగలూ గొట్టాలూ పోయేది అటే. పలకకు స్క్రూ వేసేటప్పుడు కూడా ముందు సన్న చిల్లు వేయాలి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు రెండున్నర నుంచి 3 మిల్లీమీటర్ల చిల్లు. పాత చెక్క ఎండి గట్టిపడి ఉంటుంది, చిల్లు లేకుండా తిప్పితే పలకన్నా చీలుతుంది, స్క్రూ తలన్నా తెగుతుంది. స్క్రూ మరలకు కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది.

నునుపు చేయడానికి, సీసం భయం లేదని తేలిన చెక్కకు మాత్రమే, 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120, ఆపైన 180. మధ్యది దాటేస్తే 80 వేసిన గీతలు పాలిష్ కింద తేలి కనిపిస్తాయి. అవిసె నూనె పట్టించేవాళ్లకు ఒక హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. ఒక్కొక్క గుడ్డను ఆరుబయట విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

ఇటుకల గురించి కొంచెం. సున్నంతో కట్టిన గోడ ఇటుకలు తేలిగ్గా శుభ్రమవుతాయి. సిమెంటుతో కట్టినవి సిమెంటు ఊడేలోపే ముక్కలవుతాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. రెండు ఇటుకల్ని కొట్టి చూస్తే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. లోపలి గోడలో ఉన్న మెత్తటి ఇటుక వానకు నిలవదు, అందుకని తోట గట్టుకు వాడే ముందు ఒకటి తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. బరువు ఐదో వంతు కన్నా ఎక్కువ పెరిగితే బయట పనికి వద్దు. పాత టైల్స్‌ను మందాన్ని బట్టి కుప్పలు వేసుకుంటే పరిచేటప్పుడు ఎగుడుదిగుళ్లు రావు. టఫెన్డ్ అద్దాన్ని, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దాన్ని, కోయలేం, గీత పడగానే మొత్తం పలుకులైపోతుంది.

చివరగా పాత తలుపు. ద్వారబంధం వెడల్పును పైన, నడుమ, కింద కొలిచి వాటిలో తక్కువది తీసుకోండి. ఎత్తూ అంతే. మూల నుంచి మూలకు రెండు కొలతలూ తేడా వస్తే బంధం మూలమట్టంగా లేదన్నమాట, తలుపునే దానికి తగ్గట్టు చెక్కాలి. పైనా పక్కలా 3 మిల్లీమీటర్లు, కింద 6 నుంచి 8 ఖాళీ ఉంచండి. కోయాల్సింది ఎక్కువుంటే రెండు వైపులా సమంగా పంచండి. కింది అడ్డచెక్కను 2 సెంటీమీటర్లకు మించి కోస్తే లోపలి జాయింటు బయటపడి తలుపు బలం పోతుంది. పాత మడతబందుల చిల్లుల్లో జిగురు రాసిన వెదురు పుల్లలు బిగించి, రాత్రంతా ఆరనిచ్చి, వాటిలో కొత్త చిల్లు వేయండి. బందు కోసం తవ్వే గాడి దాని రేకు మందమే ఉండాలి. లోతెక్కువైతే తలుపు మూసేటప్పుడు వెనక్కి తన్నుతుంది, అప్పుడు రేకు వెనక అట్టముక్క పెడితే సరిపోతుంది. గడియ వైపు పై మూల రాసుకుంటోందా? వెంటనే చిత్రిక పట్టకండి. ముందు పై బందు స్క్రూలు బిగించండి, వదులైతే పొడవాటివి వేయండి. అప్పటికీ తగ్గకపోతే కింది బందు వెనక అట్ట పెట్టండి. చాలాసార్లు చెక్క ముట్టకుండానే సరిపోతుంది.

రంగు మాత్రం వేలాడదీయడానికి ముందే వేయాలి, ముఖ్యంగా పై అంచుకూ కింది అంచుకూ. నిలువు చెక్కల కొసలు అక్కడే తెరుచుకుని ఉంటాయి కాబట్టి తేమను ఎక్కువగా పీల్చేవి అవే. వానాకాలంలో తలుపులు ఉబ్బి పట్టేయడానికి చాలావరకు కారణం అదే. బిగించాక కింది అంచుకు కుంచె పోదు.