పాట కాదు, ఆల్బమ్ వినండి: రాక్ సంగీతం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం ఎలా

[తెరపై: బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఒక అద్దె గది. నేల మీద చాప, గోడ వారగా రెండు స్పీకర్లు, కిటికీ దగ్గర రికార్డు ప్లేయర్.]

నమస్కారం. మీకు బాగా నచ్చిన రాక్ ఆల్బమ్ ఏది అని అడిగితే మనవాళ్ళలో చాలామంది ఒక పాట పేరు చెబుతారు. అలవాటు అలాంటిది. మనం పెరిగింది సినిమా పాటల క్యాసెట్లతో. అందులో ఐదారు పాటలు ఉండేవి. ఏది ముందు, ఏది వెనుక అన్న పట్టింపు మనకు ఉండేది కాదు. ఆ పాటలను కలిపి కుట్టే కథ తెర మీద ఉండేది కదా. రాక్ ఆల్బమ్‌కు అలాంటి తెర లేదు. పాటల వరుసే అక్కడ కథ పని చేస్తుంది. ఆ వరుస ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని పట్టుకుని ఎలా మాట్లాడుకోవచ్చు అన్నదే ఈ వీడియో.

[తెరపై: తిరుగుతున్న రికార్డు. ముల్లు గాడిలో దిగుతుంది.]

1948లో కొలంబియా సంస్థ ఎల్పీని, అంటే లాంగ్ ప్లే రికార్డును తెచ్చింది. పన్నెండు అంగుళాల పళ్ళెం, నిమిషానికి 33⅓ చుట్లు, ఒక్కో పక్కకు సుమారు 20 నిమిషాల పైచిలుకు సంగీతం. అంతకుముందు ఉన్న 78 చుట్ల రికార్డులో మూడు నాలుగు నిమిషాలకే పాట అయిపోయేది. ఎల్పీతో ఒక కళాకారుడికి మొదటిసారిగా రెండు పెద్ద భాగాలు చేతికి వచ్చాయి. మధ్యలో శ్రోత లేచి పళ్ళెం తిప్పాలి. అంటే విరామం తప్పనిసరి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూపిస్తాను, ఓపిక పట్టండి. పళ్ళెం తిరిగే వేగం మారదు. కానీ ముల్లు బయటి అంచున ఉన్నప్పుడు ఒక్కో చుట్టులో ఎక్కువ దూరం నడుస్తుంది, లోపలికి వచ్చేకొద్దీ తక్కువ. బయటి గాడిలో సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు. లోపలి చివరి గాడిలో 20 పైచిలుకు. అదే పాటను సగం కంటే తక్కువ చోటులో ఇరికించినట్టు అన్నమాట. అందుకే లోపలి గాడుల్లో పెద్ద చప్పుడు మసకబారుతుంది, ‘స’, ‘ష’ అక్షరాలు గరగరలాడతాయి. ఈ బాధ తెలిసినవాళ్ళు హోరెత్తే పాటలను పక్క మొదట్లో పెట్టి, నెమ్మది పాటలను చివరకు నెట్టేవారు. అందరూ పాటించిన నియమం కాదు గానీ, పాత ఎల్పీలు వింటుంటే మీకే తెలుస్తుంది. మనం ‘ఎంత అందంగా ముగించాడు’ అని మురిసిపోయే చోట కొంత ఘనత ఆ గాడికి కూడా దక్కాలి.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానంలో శ్రీరామనవమి కచేరీలకు వెళ్ళినవారిని అడగండి. వర్ణంతో మొదలై, కృతులు సాగి, ప్రధాన కృతి తర్వాత తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాల సొంత వాయింపు), చివర తుక్కడాలు (చిన్న తేలిక పాటలు), మంగళం. తని ఆవర్తనం మొదట్లోనే పెడితే ఎవరూ ఒప్పుకోరు. రాక్ ఆల్బమ్‌లోనూ అలాంటి పొందిక ఉంది. తేడా ఒక్కటే, అక్కడ ప్రతి ఆల్బమ్ తన పద్ధతిని తానే తయారు చేసుకోవాలి.

[తెరపై: నల్లటి అట్ట, మధ్యలో పట్టకం, దాని నుంచి విడిపోతున్న రంగులు.]

ఉదాహరణకు 1973 మార్చిలో వచ్చిన బ్రిటన్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. మొత్తం సుమారు 43 నిమిషాలు. గుండె చప్పుడుతో మొదలవుతుంది, గుండె చప్పుడుతోనే ఆగుతుంది. మొదటి నిమిషంలో రాగం అంటూ ఏమీ ఉండదు. గుండె, గడియారం, నాణేలు, ఎవరో నవ్వడం, అరవడం. అంటే రాబోయే ఆల్బమ్‌లోని శబ్దాలన్నీ ముందే వచ్చి హాజరు వేయించుకుంటాయి. ఈ రోజుల్లో స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే పాట విన్నట్టు లెక్క. కాబట్టి కొత్త పాటలు మొదటి క్షణాల్లోనే వల విసురుతున్నాయి. ఈ ఆల్బమ్‌కు అలాంటి తొందర లేదు.

‘టైమ్’ పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. సౌండ్ ఇంజనీరు ఆలన్ పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణంలో వాటిని ఒక్కొక్కటిగా రికార్డు చేశాడు. ఆ మోతతో చాప మీద కునుకు తీసేవాళ్ళందరూ లేస్తారు. మొదటి పక్క చివర గాయని క్లేర్ టోరీ గొంతు. ఆమె ఒక్క పదం కూడా పాడదు, అంతా ఆలాపన. ఆ గొంతు పైకి ఎగసి, అలసి, పియానో పక్కన సన్నగా తగ్గిపోతుంది. అప్పుడు మీరు లేవాలి. పళ్ళెం తిప్పాలి. ముల్లు పెట్టగానే నాణేలు, చిల్లర పెట్టె చప్పుడు. మృత్యువును తలపించే ఆ ఆలాపన నుంచి నేరుగా డబ్బులోకి. ఫోనులో వింటే ఈ విరామం మాయమవుతుంది. అందుకే మా బృందం కలిసి వినే గదిలో ఫోను పెట్టినా, అక్కడ ఆపి కాసేపు ఆగుతాం.

[తెరపై: ఒక పెద్దాయన చెయ్యి. తొడ మీద తాళం వేస్తోంది.]

మా బృందంలో కోలారు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. అందరం ఆయనను బాబాయ్ అనే పిలుస్తాం. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నారు, గిటారు అంటే అంత గురి లేదు. ‘మనీ’ పాట మొదలుకాగానే ఆయన చెయ్యి తొడ మీద పడింది. తకిట, తకధిమి. ఏడు.

“ఇది మిశ్ర చాపు కదయ్యా!” అన్నారు.

విరుపు సరిగ్గా మన మిశ్ర చాపులాగే ఉందా అని వాదించుకోవచ్చు గానీ, లెక్క మాత్రం ఏడే. శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే సాగుతుంది. మూడో నిమిషం దాటగానే గిటారు అందుకుంటుంది. బాబాయ్ చెయ్యి తడబడింది. ఆయన కళ్ళు తెరిచి, మళ్ళీ లెక్కపెట్టి, “వీడు నాలుగులోకి దిగిపోయాడయ్యా” అన్నారు. అవును, గిటారు వచ్చేసరికి తాళం నాలుగుకు మారుతుంది, చివరి చరణానికి మళ్ళీ ఏడుకు వస్తుంది. ఆ పాటను ఏళ్ళ తరబడి వింటున్న మా బృందంలోని ఇంజనీర్లకు ఆ మలుపు బాగుందని తెలుసు, ఎందుకు బాగుందో తెలియదు. గిటారు గురించి ఏమీ తెలియని మనిషి చెయ్యి దాన్ని పట్టుకుంది.

ఆల్బమ్ గురించి మాట్లాడటం అంటే నా దృష్టిలో ఇదే. ‘అద్భుతం’, ‘పిచ్చెక్కించాడు’ అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. మా గదిలో ఎవరైనా “డ్రమ్స్ చాలా బాగున్నాయి అన్నా” అంటే వెంటనే వచ్చే ప్రశ్న “ఎక్కడ?” నిమిషం చెప్పాలి, లేదా చేత్తో వేసి చూపించాలి. ఆల్బమ్ తెచ్చినవాళ్ళు వినడం అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఇది కష్టమైన నియమం. ‘ఇప్పుడు వస్తుంది చూడండి’ అని పొడిచే స్నేహితుడు ప్రతి గుంపులోనూ ఉంటాడు.

‘ప్రపంచంలోని వంద గొప్ప ఆల్బమ్‌లు’ లాంటి జాబితాలు నాకు గిట్టవు. అవి ఏది ఎన్నో స్థానంలో ఉందన్న తగువు తప్ప వినడానికి దారి చూపవు.

ఫోనులో వినేవారికి రెండు మాటలు. పాటకు పాటకు మధ్య కలిపి మసక చేసే క్రాస్‌ఫేడ్‌ను ఆపేయండి. పాటల వరుసను కలగాపులగం చేసే షఫుల్ కూడా ఆపండి. 2021 నవంబరులో గాయని అడెల్ అడిగితే స్పాటిఫై ఆల్బమ్ పేజీలో షఫుల్ ముందుగా కనబడకుండా మార్చింది. ఇంకొకటి, పాటలు అయిపోయాయని వెంటనే లేవకండి. 1991లో వచ్చిన అమెరికా రాక్ బృందం నిర్వానా ‘నెవర్‌మైండ్’ సీడీల్లో చివరి పాట తర్వాత సుమారు పది నిమిషాల నిశ్శబ్దం, ఆ తర్వాత అట్ట మీద పేరు లేని ఒక పాట ఉరుముతుంది. మొదట అచ్చయిన ప్రతుల్లో అది పడలేదు. తర్వాతి వాటిలో చేరింది.

[తెరపై: బ్రిగేడ్ రోడ్డు, సాయంత్రం. రెస్ట్ హౌస్ రోడ్డు మలుపు.]

బెంగళూరు ఈ ముచ్చటకు తగిన ఊరే. రెస్ట్ హౌస్ రోడ్డులోని పెకోస్ పబ్‌లో పాత రాక్ వింటూ ఎదిగిన తరం ఉంది. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా బృందాలు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి రాత్రి బస్సులెక్కి వచ్చి ఇక్కడ ఉద్యోగాల్లో కుదురుకున్న మనవాళ్ళకు ఇవన్నీ కాలేజీ హాస్టల్ నుంచే తెలిసిన పేర్లు.

ఇక ‘ఇండీ’. పెద్ద కంపెనీ నీడ లేకుండా సొంతంగా విడుదల చేసుకునేది. 1977 జనవరిలో మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ అప్పు తెచ్చుకుని ‘స్పైరల్ స్క్రాచ్’ను తామే అచ్చు వేయించుకుని అమ్మింది. ఆ తర్వాత అదే దారిలో చాలామంది నడిచారు. మన దేశంలో మాత్రం సినిమా పాట కానిదల్లా ఇండీ అయిపోయింది, అది నాకు కాస్త ఇబ్బందే. ఈ ఊరి థర్మల్ అండ్ ఎ క్వార్టర్, స్వరాత్మ, రఘు దీక్షిత్ సంగీతాలు ఒకదానికొకటి పోలిక లేనివి. మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే దేని గురించీ మాట్లాడినట్టు కాదు.

రాక్ అసలు విననివారు ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? బెంగళూరు బృందం అగమ్ 2012లో తెచ్చిన ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’తో. అందులో త్యాగరాజస్వామి ‘బ్రోవ భారమా’ ఉంది, ‘బంటురీతి కొలువు’ ఉంది. మాటలు మీకు ముందే తెలుసు కాబట్టి చెవి గిటారు మీదకు సులువుగా వెళుతుంది. ‘బ్రోవ భారమా’లోని బహుదారి రాగం గిటార్ల హోరులో ఎంతవరకు నిలబడిందో గమనించండి.

మా గదిలో దీని మీద రెండు పక్షాలున్నాయి. “సాహిత్యం మునిగిపోయింది. ‘భువనమెల్ల నీవై’ అన్నచోట భువనమంతా డ్రమ్మే ఉంది” అని బాబాయ్ అంటారు. “అక్కడ భారం వినబడాలి కదా బాబాయ్, అందుకే అంత బరువు పెట్టారు” అని మా బృందంలోని కుర్రవాడు ఒకడు వాదిస్తాడు. బాబాయ్ ఇంకా ఒప్పుకోలేదు. కానీ క్రితంసారి ఆ పాట మళ్ళీ పెట్టమన్నది ఆయనే.