పాడ్‌కాస్ట్: డ్యూన్ మూడో భాగంలో సముద్రం ఉంటుందా?

తమ్ముడు: నమస్కారమండి. ఈసారి కోనసీమలో మా ఇంటి అరుగు మీదే కూర్చుని రికార్డు చేస్తున్నాం. పెరట్లో కొబ్బరి దింపు జరుగుతోంది, మధ్యమధ్యలో కాయలు పడే చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి. నా పక్కన మా అక్క ఉంది. నీళ్ళు దొరకని ఎడారి గ్రహం మీద నడిచే కథ డ్యూన్, ఆ పుస్తకాలు నాలుగైదుసార్లు చదివిన మనిషి. నేను సినిమాలే చూశాను. మూడో భాగం విడుదల 2026 డిసెంబర్ 18 అని ప్రకటించారు. అక్కా, ముందు నువ్వే చెప్పు. ఆ సినిమాలో నీకు ఏం కావాలి?

అక్క: సముద్రం.

తమ్ముడు: ఎడారి కథలో సముద్రమా?

అక్క: చెప్తా, ఆగు. ముందు నీళ్ళ గురించి మాట్లాడాలి. అది లేకుండా సముద్రం సంగతి చెబితే తేలిపోతుంది. మన చిన్నప్పుడు వేసవిలో కాలువలు కట్టేసేవాళ్ళు, గుర్తుందా?

తమ్ముడు: ఇప్పటికీ కడతారుగా. కట్టేముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు.

అక్క: అదే. మనది కాలువ శివారు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాలువ కట్టేశాక ఆ చెరువే దిక్కు. మామ్మ బియ్యం కడిగిన నీళ్ళు ఒక్క చుక్క కింద పోయనిచ్చేది కాదు, కుడితి తొట్టిలో పోసేది. చేతులు కడుక్కుంటే కరివేపాకు మొక్క దగ్గరికి వెళ్ళి కడుక్కోమనేది. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా డ్యూన్ మొదటిసారి చదివాను. చెమటని కూడా పట్టి మళ్ళీ తాగే నీళ్ళు చేసే దుస్తులు, నీళ్ళతోనే లెక్కలు, నీళ్ళతోనే మర్యాదలు. ఇది మామ్మ కథే కదా అనిపించింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాడని అందరం చెప్పుకుంటాం. నిజమే, ఆ నీళ్ళతోనే ఇంత పచ్చగా ఉన్నాం. కానీ శివారు రైతుని అడుగు. దాళ్వాలో వంతు ఎప్పుడొస్తుందా అని తూము దగ్గర రాత్రంతా కూర్చున్నవాడికి ఆ పుస్తకం ఇంకెవరూ వివరించక్కర్లేదు.

తమ్ముడు: 2021 సినిమాలో ఆ ఎడారి నాయకుడు బల్ల మీద ఉమ్మేస్తాడు చూడు, థియేటర్లో అందరూ నవ్వారు.

అక్క: నేను నవ్వలేదు. ఒంట్లో నీరు తీసి ఎదుటివాడికి ఇవ్వడమంటే అక్కడ అంతకు మించిన గౌరవం లేదు. ఆ సీన్ ఈ సినిమాల దర్శకుడు డెనీ విల్నవ్ బాగా తీశాడు. పుస్తకంలో ఇంకోటి ఉంది. కథానాయకుడు పాల్ చేతిలో జామిస్ అనే ఎడారి మనిషి చచ్చిపోతాడు. సంస్కారాల దగ్గర పాల్‌కి ఏడుపొస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నిర్ఘాంతపోతారు, చనిపోయినవాడికి నీళ్ళిస్తున్నాడు అంటూ. ఒకరు చెయ్యి చాపి అతని చెంప మీద తడి తాకి చూస్తారు.

తమ్ముడు: మనమూ ఇస్తాం కదా, పోయినవాళ్ళకి నీళ్ళు.

అక్క: తాతయ్య పోయినప్పుడు రేవులో నాన్న మోకాళ్ళ లోతులో నిలబడి దోసిట్లోంచి నీళ్ళు వదులుతుంటే నాకు ఆ పేజీయే గుర్తొచ్చింది. ఇంత గోదావరి పక్కన పెట్టుకుని మనం మూడు దోసిళ్ళు ఇస్తున్నాం, వాడు కంట్లో ఉన్నదంతా ఇచ్చాడు. ఆ ఘట్టం సినిమాలో నాకు కావలసినంత రాలేదు. మూడో భాగంలో అయినా నీళ్ళ విలువ అలా ఒంటికి తగలాలి.

తమ్ముడు: ఇదే పుస్తకం మీద 1984లో వచ్చిన సినిమా గురించి కూడా చెప్పు. నువ్వెప్పుడూ దాని మీద విసుక్కుంటావు.

అక్క: అది తీసిన డేవిడ్ లించ్ అంటే నాకు గౌరవమే. అంత పుస్తకాన్ని 137 నిమిషాల్లో కుక్కాల్సొచ్చింది. విల్నవ్ అదే కథని రెండు సినిమాలు చేశాడు. నా బాధ నిడివి కాదు. ఆ సినిమా చివర్లో పాల్ గెలవగానే ఎడారిలో వాన పడిపోతుంది! హీరో దేవుడైపోయాడు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో పుస్తకం రాసింది అలాంటి మనిషిని నమ్మితే ఏమవుతుందో చూపించడానికి. చాలామందికి అది అందక పాల్‌ని పూజించారు. 1969లో రెండో పుస్తకం వచ్చింది. ఈ మూడో సినిమా దాని మీదే. పుస్తకంలో పన్నెండేళ్ళ తర్వాత కథ. పాల్ చక్రవర్తి. తన పేరు మీద జరిగిన యుద్ధంలో ఎంతమంది పోయారో తనే లెక్క చెప్తాడు, తక్కువలో తక్కువ 6,100 కోట్ల మంది అని.

తమ్ముడు: అమ్మో.

అక్క: ఆ అంకె హీరో నోటితో వినాలి. మనవాళ్ళు హీరో ఎంట్రీకి విజిల్ వేస్తారు, నేనూ వేస్తాను. ఆ విజిల్ వేసిన నోరే ఈ అంకె దగ్గర మూతపడాలి. నా ఆశ అది.

తమ్ముడు: నాకు మాత్రం టెన్షన్ అంతా పాల్ ప్రేమించిన ఎడారి అమ్మాయి ఛానీ గురించే. రెండో సినిమా చివర్లో అలిగి ఇసుకపురుగు మీద వెళ్ళిపోయింది కదా.

అక్క: పుస్తకంలో వెళ్ళదు, పాల్‌తోనే ఉంటుంది. విల్నవ్ మార్చాడు, ఆ మార్పు నాకు నచ్చింది. ఎదురు చెప్పే గొంతు ఒకటి దొరికింది. కానీ ఇప్పుడు ఆమెని వెనక్కి తేవాలి. ఒక్క సీన్లో రాజీ చేసేస్తే మాత్రం ఒప్పుకోను. ఆ తర్వాత ఏం జరుగుతుందో నీకు చెప్పను.

తమ్ముడు: చెప్పొద్దు. సముద్రం సంగతి చెప్పు.

అక్క: రెండో పుస్తకం మొదట్లో ఫరోక్ అని ఒకడుంటాడు. పుట్టింది, పెరిగింది ఎడారిలో. ఎక్కడో సముద్రం ఉందని విన్నాడు. అంత నీళ్ళు ఒకచోట ఉంటాయంటే నమ్మకం కుదరలేదు. అది చూడాలని యుద్ధానికి వెళ్ళాడు. మతం కోసం కాదురా, పాల్ కోసమూ కాదు. ఒక పరాయి గ్రహం మీద నిజంగానే చూశాడు. అందులో దిగాడు. ఆ నీళ్ళు చేదు, తాగితే జబ్బు చేసింది. అయినా బయటికొచ్చేసరికి అతనిలో యుద్ధం పోయింది.

తమ్ముడు: ఇది సినిమాలో పెడతారంటావా?

అక్క: కథ నడవడానికి అది అక్కర్లేదు, అందుకే భయం. రెండు పేజీలు ఉంటుందంతే, కోసేయడం తేలిక. కానీ నేను అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడి ఆ మాటలు తలుచుకున్నాను. ఒకపక్క వశిష్ఠ, ఒకపక్క సముద్రం. నీళ్ళు రంగు మారే చోటు కంటికి తెలుస్తుంది. దోసిట్లో తీసుకుని నాలిక్కి తగిలించాను. ఉప్పు. రోజూ చూసే నీళ్ళు, ఆ రోజు ఎవరో కొత్తవాళ్ళ కళ్ళతో చూసినట్టుంది. అదొక్కటీ తెర మీద చూడాలి. పెద్ద యుద్ధాలు తగ్గించినా పర్లేదు.

తమ్ముడు: అసలు హెర్బర్ట్‌కి ఈ ఇసుక గోల ఎలా పట్టుకుంది?

అక్క: అమెరికాలో ఆరెగన్ తీరానికి 1957లో వ్యాసం రాద్దామని వెళ్ళాడు. అక్కడ ఇసుకదిబ్బలు కదిలి రోడ్ల మీదికి వస్తుంటే గడ్డి నాటి ఆపుతున్నారు. మన తీరంలో సరుగుడు తోటలు వేస్తారు చూడు, అలాగన్నమాట. ఆ వ్యాసం పూర్తి కాలేదు, నవల పుట్టింది.

తమ్ముడు: ఇంకొకటి అడుగుతాను. తెలుగులో వస్తే డబ్బింగ్ ఎలా ఉండాలి?

అక్క: మన మాటలతో ఉండాలి. "జల క్రమశిక్షణ" లాంటి మాటలు పెడితే ఆ ఎడారి మనుషులు ఆఫీసు కాగితం చదువుతున్నట్టుంటుంది. వంతు, చుక్క, దోసిలి, కడవ, ఇవి చాలు. నీళ్ళ గురించి రోజూ కంగారు పడే మనుషులు ఎలా మాట్లాడతారో అలా రాయాలి.

తమ్ముడు: సరే, నేనూ ఈసారి పుస్తకం చదివాకే వెళ్తాను. ఉందా నీ దగ్గర?

అక్క: బీరువాలో పై అరలో ఉంది. ఫరోక్ పేజీ దగ్గర అంతర్వేది బస్సు టికెట్టు పెట్టాను, దాన్ని తీయకు.