లోరియాన్ రేవులో బందరు గుడ్డ

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న బందరు, పెడన వాళ్లకు నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పిన గొప్పల్లో ముప్పాతిక తీసేయండి. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి, అంతే. గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక యాత్ర గురించి మాట్లాడమన్నారు. మా అమ్మాయి ఫ్రాన్సులో రెన్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. అది బ్రిటనీ ప్రాంతం. అందుకే కార్డు మీద ‘బ్రిటనీ తీరం: పట్టణాలు, ద్వీపాలు’ అని అచ్చువేశారు. వరసగానే చెప్పాలని కాగితం రాసుకొచ్చాను, చూద్దాం.

ముందు సెయింట్ మాలో. చుట్టూ కోటగోడ, గోడ కిందే సముద్రం. 1944 ఆగస్టు యుద్ధంలో లోపలి ఊరు చాలావరకు కాలిపోతే పాత పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నారు. అక్కడి పోటు చూడాలి! పెద్ద పోటు రోజుల్లో నీళ్లు పన్నెండు మీటర్లు పైకి లేస్తాయి, అంటే నాలుగంతస్తుల ఎత్తు. ఎదురుగా గ్రాండ్ బే అనే చిన్న లంక ఉంది. షతోబ్రియాఁ అనే పెద్ద రచయిత సమాధి దాని మీదే. ఆటు వేళ నడిచి వెళ్లొచ్చు. టైము చూసుకోకుండా వెళ్తే పోటు తగ్గేదాకా ఆ రచయితకు తోడుగా కూర్చోవాల్సిందే. గోడ మీద సుర్కూఫ్ విగ్రహం ఉంది, ఇంగ్లండు వైపు వేలు చూపిస్తూ. ఓడల్ని కొల్లగొట్టిన మనిషి. 1800లో మన బంగాళాఖాతంలోనే ఇంగ్లీషువాళ్ల ‘కెంట్’ అనే పెద్ద ఓడను పట్టుకున్నాడు.

ద్వీపాల్లో సేన్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. చెట్టూ చేమా లేని బల్లపరుపు నేల, పెద్ద అల వస్తే మునిగేలా ఉంటుంది. 1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయినప్పుడు ఆ దీవి మగవాళ్లు నూటపాతిక మంది దాకా చేపల పడవలెక్కి లండన్ పోయారు, జర్మనీతో పోరాటం ఆపొద్దని పిలిచిన ఫ్రెంచి సేనాని డీగాల్ దగ్గరికి. అప్పటికి ఆయన దగ్గర చేరినవాళ్లు కొద్దిమందే. ఎవర్ని ఏ ఊరని అడిగినా సేన్ అనేసరికి, ‘అయితే ఫ్రాన్సులో నాలుగో వంతు సేన్ దీవేనా’ అన్నాడని చెప్పుకుంటారు.

ఇప్పుడు లోరియాన్. కాగితంలో దీనికి రెండే వాక్యాలు రాసుకున్నాను. కాగితం పక్కన పెడుతున్నాను, అధ్యక్షులవారు క్షమించాలి.

అక్కడ చూడ్డానికేముంది నాన్నా అంది మా అమ్మాయి. నిజమే, 1943 బాంబు దాడుల్లో ఊరంతా నేలమట్టమైంది. జర్మన్ల సబ్‌మెరైన్ల కోసం కట్టిన కాంక్రీటు షెడ్లు మాత్రం చెక్కుచెదరలేదు. కానీ రేవులో సిటీ బస్సు టిక్కెట్టుతోనే పడవెక్కి ఎదుటి ఒడ్డుకు వెళ్లొచ్చు. ఆ ఒడ్డున పోర్ లూయీ కోట, కోటలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మ్యూజియం ఉన్నాయి. 1664లో కంపెనీ పెట్టి, 1666లో ఓడలు కట్టడానికి ఆ రేవులో జాగా తీసుకున్నారు. ఊరు పుట్టిందే అలా. 1669కల్లా వాళ్లు మన బందరులో కొట్టు తెరిచారు. మన ఫ్రెంచిపేట ఊరికే వచ్చిన పేరు కాదండీ. ఆ చిన్న జాగాను వాళ్లు భారతదేశానికి అప్పగించింది 1947 అక్టోబరులో!

ఆ మ్యూజియంలో బట్టలుంచిన గదుల్లో దీపాలు బాగా తగ్గించారు, రంగు వెలిసిపోకుండా. గాజు వెనక మన కోరమాండల్ తీరపు పలంపోరు, అంటే బొమ్మలద్దిన పెద్ద నూలు దుప్పటి. చెట్టు బోదె చుట్టూ నల్లగీత, ఒకచోట గీసినవాడి చెయ్యి ఆగి మళ్లీ సాగినట్టు కాస్త లావైంది. పూలు ఎరుపు. ఆ ఎరుపు చూసి నేను కదల్లేకపోయాను. మా అమ్మ పుట్టిల్లు పెడన, అద్దకం ఇల్లు. ఆ ఎరుపు నాకు కొత్తదా?

దాన్ని ఎలా తెచ్చేవారో మీకు చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతాను. గుడ్డను కరక్కాయ, గేదెపాలల్లో తడిపి ఆరేస్తారు. బెల్లంనీళ్లలో తుప్పు ఇనుము ఊరవేస్తే నలుపు. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు అద్ది, చిరివేరుతో, అంటే ఎరుపు రంగునిచ్చే ఒక మొక్క వేరుతో, ఉడికిస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు పడుతుంది. ఎన్ని ఉతుకులకూ పోదు. ఫ్రాన్సు జనానికి ఆ పోకపోవడమే పిచ్చెక్కించింది.

ఎంత పిచ్చంటే, 1686లో వాళ్ల రాజు మన చీటిగుడ్డల్ని, అంటే ఈ అద్దకం గుడ్డల్ని, నిషేధించాడు. అక్కడి పట్టు, ఉన్ని పనివాళ్లు గోల పెట్టారు మరి. వీధిలో కట్టుకుని కనబడితే, కిటికీలోంచి కనబడినా సరే, జరిమానా. వినండి, డెబ్బైమూడేళ్లు నడిచింది ఆ నిషేధం, 1759 దాకా! అయినా ఆడవాళ్లు కట్టడం మానలేదు. కంపెనీ తేవడమూ మానలేదు, బయటి దేశాలకు అమ్ముతామంటూ తెచ్చేది. ఆ అమ్మకంలో చేదు కూడా ఉంది. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి చెల్లించిన సరుకుల్లో మన తీరపు గుడ్డ ఒకటి. నేసినవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

నా కడుపుమంట ఇంకోటి. 1742లో కేర్దూ అనే జెస్యూట్ ఫాదిరి, తెలుగు బాగా వచ్చినవాడు, ఈ అద్దకం విధానమంతా అంచెలంచెలుగా ఉత్తరం రాసి ఫ్రాన్సుకు పంపాడు. తన దగ్గర కొత్తగా మతం పుచ్చుకున్న పనివాళ్ల నుంచే రాబట్టాడు. ఉత్తరం ఉంది, ఆయన పేరుంది. చెప్పిన పనివాళ్ల పేర్లేవండీ? నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే, 1760లో, పారిస్ దగ్గర జూయిలో ఒబెర్‌కాంఫ్ అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ పేరూ అందరికీ తెలుసు.

బెల్లు కొట్టారా? గ్రువా దీవి చెప్పాలి, ఒక్క నిమిషం. లోరియాన్ నుంచి ముప్పావుగంట ప్రయాణం. వాళ్ల చర్చి శిఖరం మీద గాలి దిక్కు చూపడానికి కోడిపుంజు బదులు ట్యూనా చేప బొమ్మ పెట్టుకున్నారు! ఒకప్పుడు ఆ దీవి బతుకంతా ఆ చేపే, అందుకని నెత్తిన పెట్టుకున్నారు. మన ఊళ్లో చిరివేరు బొమ్మ ఎక్కడుంది, చెప్పండి. వెళ్లేవాళ్లు ఉదయం పడవకు పోయి సాయంత్రం పడవకు వచ్చేయకండి, ఒక రాత్రి ఉండండి. టూరు కంపెనీవాళ్లు ఉండనివ్వరు, నేను సొంతంగానే వెళ్లాను.

చివరిగా పెడన వాళ్లను ఒకటి అడుగుతున్నాను. అటక మీద పాత అద్దకం అచ్చులుంటాయి, తాతల నాటి లెక్కల పుస్తకాలుంటాయి, వాటిలో పనివాళ్ల పేర్లుంటాయి. చెదలు తినకముందే తీసుకురండి. ఫోటోలు తీసి ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తామని లైబ్రేరియన్‌గారు ఇందాకే ఒప్పుకున్నారు. చిరివేరు తవ్వి తెచ్చినవాళ్లు మీ ఇళ్లలో ఇంకా ఎవరైనా ఉంటే, టీ దగ్గర నాకు చెప్పండి. రేపు పొద్దున్నే వాళ్ల ఇంటికి వస్తాను.