మొదటి జీతం పడేదాకా

అందరికీ నమస్కారం. మీరంతా డీడీయూ-జీకేవై (పల్లె యువతకు పని నేర్పి ఉద్యోగం చూపే కేంద్ర పథకం) లాంటి పథకాల్లో శిక్షణ తీసుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు. తర్వాతి బ్యాచ్ పిల్లలకు అన్నగానో అక్కగానో తోడుంటామని వచ్చారు. ఇంటర్వ్యూ సంగతి ట్రైనర్లు చూసుకుంటారు. పల్లె నుంచి హైదరాబాద్ వచ్చిన పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఆఫర్ లెటర్‌కూ మొదటి జీతానికీ మధ్య. మీ అవసరం అక్కడే.

ముందు కాగితాలు. ఆధార్, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూడండి. మెమోలో ‘బి. లక్ష్మి’, ఆధార్‌లో ‘బండి లక్ష్మీదేవి’ అని ఉంటే పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాకు వివరాలు సరిచూసే కేవైసీ దగ్గర చిక్కు వస్తుంది. ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి మెమో చేతిలో పెట్టుకునే ఆధార్ సెంటర్‌కు వెళ్లమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పజెప్పొద్దు. యూనిఫాం డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ ముందే డబ్బు అడిగితే అక్కణ్నుంచి లేచి వచ్చేయమనండి.

తర్వాత జీతం లెక్క. ఇది చేరకముందే కాగితం మీద వేసి చూపించాలి. గ్రాస్, అంటే కోతలకు ముందు మొత్తం జీతం 15,000, అందులో బేసిక్ (మూల వేతనం) 10,000 అనుకుందాం. బేసిక్‌లో 12 శాతం, అంటే 1,200 పీఎఫ్‌కు పోతుంది. గ్రాస్‌లో 0.75 శాతం, అంటే 113 ఈఎస్ఐకి (ఉద్యోగుల వైద్య బీమా). చేతికొచ్చేది 13,687. ఆఫర్ లెటర్లో మాత్రం కంపెనీ కట్టే వాటా కూడా కలిపి సీటీసీ 16,700 దాకా కనిపిస్తుంది. ఇంట్లో ఆ పెద్ద అంకే చెప్పి ఉంటారు; మూడువేలు తగ్గేసరికి నాన్న ‘మోసం చేశార్రా, వచ్చెయ్’ అంటాడు.

చేరే తేదీ కూడా చూడండి. హాజరు లెక్క 20కే మూసే కంపెనీలో 22న చేరితే తర్వాతి నెలాఖరు దాకా రూపాయి రాదు. అన్నాళ్లకు హాస్టల్ అడ్వాన్సు, తిండి, బస్సు ఖర్చు ముందే రాసుకోవాలి. తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఈ రాష్ట్రం చిరునామా ఉన్నవాళ్లకే. కర్నూలు ఆధార్‌తో వచ్చిన అమ్మాయి రోజూ టికెట్ కొనాల్సిందే. మీరు మాత్రం అప్పివ్వకండి. ఇస్తే మీ ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఇక ఫోన్లు. చేరే ముందురోజు సాయంత్రం, మొదటి షిఫ్టు అయ్యాక, మూడోరోజు, మొదటి ఆదివారం, జీతం రోజు చేయండి. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుందన్నా’ అంటారు, అక్కడితో సరి. ‘మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తిన్నావు?’ అని అడగండి. ఒక్కర్తే తిన్నానంటే ఆ వారమే వెళ్లి కలవండి. అమ్మాయిలకు అక్కలే మెంటర్లుగా ఉంటే మేలు. వాళ్లిచ్చిన నంబరు అన్నదో నాన్నదో కూడా కనుక్కోండి, ఇంట్లోవాళ్ల ముందు నిజం చెప్పలేరు. ఒక్కొక్కరు నలుగురికి మించి తీసుకోవద్దని నా మాట. ఐదో మనిషికి ఫోన్ చేయడం రేపటికి వాయిదా పడుతూ పోతుంది.

మానేస్తానంటే గట్టిగా ఆపకండి. సూపర్‌వైజర్ తిట్టాడా, రాత్రి షిఫ్టు నుంచి తిరిగొచ్చే దారి భయమా, ఇంట్లో పెళ్లి మాటలా, ఏదో తేల్చుకోండి. మొదటి రెండింటికీ షిఫ్టు మార్పు, పనిచేసే లైన్ మార్పు అడగొచ్చు. అయినా వెళ్లక తప్పదంటే చెప్పకుండా మానేయనివ్వకండి; చివరి జీతం, రిలీవింగ్ లెటర్ ఇరుక్కుపోతాయి. హెచ్ఆర్‌కు రాజీనామా మెయిల్ మీ పక్కనే కూర్చోబెట్టుకుని పంపించండి. కొత్త కంపెనీలో పాత యూఏఎన్ నంబరే (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఇవ్వమనండి.