పాత డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకండి

అందరికీ నమస్కారం. పిలిచిన మిత్రులకు కృతజ్ఞతలు. పాత కంప్యూటర్లో హార్డ్ డిస్క్ మార్చడం గురించి చెప్పమన్నారు. నేరుగా విషయంలోకి వెళ్తాను.

బిగించడం కష్టమైన పని కాదు. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన ఛార్జ్ పోనివ్వండి. కేబినెట్ ఇనుప భాగాన్ని తాకాకే డిస్క్ పట్టుకోండి. బాగా పాత మెషీన్ అయితే డిస్కును మదర్‌బోర్డుకి కలిపే 40 పిన్నుల వెడల్పాటి ఐడీఈ కేబుల్ ఉంటుంది. అందులో 80 తీగల రకమైతే నీలం కొస మదర్‌బోర్డుకి, నలుపు మాస్టర్‌కి అంటే మొదటి డిస్కుకి, బూడిద రంగు స్లేవ్‌కి అంటే రెండో డిస్కుకి. ఎర్ర గీత ఉన్న అంచు ఒకటో పిన్ను వైపు రావాలి. డిస్క్ వెనక అది మాస్టరో స్లేవో చెప్పే చిన్న ప్లాస్టిక్ ముక్క, జంపర్, ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. ఒకే కేబుల్ మీద రెండు డిస్కులకీ మాస్టర్ అని పెడితే ఆన్ చేయగానే మొదట నడిచే బయాస్ ప్రోగ్రామ్‌లో రెండూ కనబడకుండా పోవచ్చు. కొత్త డిస్క్ పాడైందని తిప్పి పంపేసినవాళ్లను చూశాను. తప్పు ఆ గోరంత ప్లాస్టిక్ ముక్కది.

ఇంకొకటి. పెద్ద డిస్క్ పెట్టినా 137 జీబీయే చూపిస్తోందని కంగారు పడతారు. పాత పద్ధతిలో డిస్కులోని ఒక్కో చిన్న గడికి, అంటే సెక్టారుకి, ఇచ్చే నంబరుకి 28 బిట్లే ఉండేవి. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. లెక్క వేస్తే 137 జీబీ దగ్గర ఆగిపోతుంది. బయాస్ 48 బిట్లను గుర్తించాలి, విండోస్ ఎక్స్‌పీ అయితే కనీసం సర్వీస్ ప్యాక్ 1 అనే అప్‌డేట్ ఉండాలి.

ఐడీఈ తర్వాత వచ్చిన, సన్నటి కేబుల్ ఉండే సాటా డిస్కుకి జంపర్ గొడవ దాదాపు లేదు. అక్కడ తిప్పలు వేరే. మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోతే బయాస్ సెట్టింగులు మొదటికొస్తాయి. డిస్కుతో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ కాస్తా పాత ఐడీఈగా మారిపోవచ్చు. అప్పుడు ఆన్ చేయగానే కోడ్ చివర 7బి అని ఉన్న నీలి తెర వస్తుంది. డిస్కులో ఏ లోపమూ ఉండదు.

పార్టిషన్ల గురించి, అంటే డిస్కును భాగాలుగా చేయడం గురించి కూడా కాగితం మీద రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది.

నాకు చదువు చెప్పిన మేష్టారు ఎనభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నారు. రోజూ సాయంత్రం ఒంటి వేలితో తన జ్ఞాపకాలు టైపు చేసేవారు. ఫోల్డర్ పేరు ‘మనవరాలి కోసం’. డిస్క్ నెమ్మదించింది, నన్ను పిలిచారు. కొత్తది తెచ్చి రెండూ పక్కపక్కనే తగిలించాను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. కాపీ చేసే ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడిగింది. నేను తిరగేసి ఎంచుకున్నాను. ఖాళీ డిస్క్ వెళ్లి నిండు డిస్క్ మీద పడింది. గమనించి ఆపేసరికి తొమ్మిది శాతం అయిపోయింది.

ఫొటోలు చాలావరకు వెనక్కి తేగలిగాను. ఆ జ్ఞాపకాల ఫైలు రాలేదు. “మొత్తం పోయిందా నాయనా?” అని మాత్రం అడిగారు. మళ్లీ మొదలుపెట్టారు. పదకొండో పేజీ దగ్గర ఆగిపోయారు.

అందుకే అడుగుతున్నాను, పాత డిస్క్ మీద ఏమీ రాయకండి. వేరే కంప్యూటర్‌కి తగిలించినప్పుడు “ఇనిషియలైజ్ చేయాలి”, “ఫార్మాట్ చేయాలి” అని తెర అడుగుతుంది. కొత్త డిస్కుకి అది మామూలే, అలా చేస్తేనే విండోస్‌లో కనబడుతుంది. పాతదానికి అదే ప్రశ్న వస్తే కాదనండి. టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, వెంటనే ఆపేయండి. కాపీ అయ్యాక కూడా పాతదాన్ని పారేయకండి. కొత్తది ఒక నెల నడిచాక, ఇంట్లోవాళ్లు వచ్చి తమ ఫైళ్లు తెరిచి చూసుకున్నాక అప్పుడు ఆలోచించండి. పాతది, పాతది అని మళ్లీ మళ్లీ ఎందుకు అంటున్నానో మీకు అర్థమవుతుందనుకుంటాను.

మీ బల్లల మీద రెండేసి డిస్కులు పెట్టించాను. చూడటానికి ఒకేలా ఉంటాయి. ఇప్పుడే ఎవరూ స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. లేబుల్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, రెండింటివీ కాగితం మీద రాసుకోండి. ప్రోగ్రామ్ చూపించే నంబరుతో పోల్చాకే ముందుకెళ్లాలి. తర్వాత ఆ మార్కర్ తీసుకుని, ఒకదాని మీద టేపు అంటించి ‘పాతది’ అని పెద్ద అక్షరాలతో రాయండి. అందరూ రాశాక కేబుళ్లు పంచుతాను.