బోర్డు మీదున్న వేపచెట్టు ఇది కాదండి

అందరికీ నమస్కారం. ముందు కుర్చీలు నీడలోకి జరుపుకోండి, మే 8 ఎండ ఇది, మొహమాటపడితే వడదెబ్బే.

ఈ బోర్డు చదివారా? రెడ్‌క్రాస్ వందేళ్ళ సందర్భంగా 2020లో ముఖ్య అతిథి నాటిన వేప అని ఉంది కదా. నిజం చెప్పేస్తున్నా, ఆ మొక్క ఇది కాదు. మన దేశంలో రెడ్‌క్రాస్ 1920లో చట్టం చేసి పెట్టారు, వందేళ్ళ పండగ ఘనంగా చేద్దామనుకునేసరికి మార్చిలో లాక్‌డౌన్ పడింది, చివరికి వానాకాలంలో పదిమందిమి మాస్కులు కట్టుకుని దూరం దూరంగా నిలబడి మొక్క నాటాం, ఫొటో దిగాం, ఎవరిళ్ళకి వాళ్ళం పోయాం. నాలుగో రోజుకి మేక తినేసింది. గేటు వేయకుండా వెళ్ళింది నేనే లెండి.

మన వాచ్‌మన్ ఎవరికీ చెప్పకుండా కాలవగట్టు మీంచి ఇంకో వేపమొక్క పెళ్ళగించుకొచ్చి అదే గుంతలో పెట్టి చుట్టూ తుమ్మకంప కట్టాడు. వాటర్ క్యాన్ అడుగున మిగిలిన నీళ్ళు రోజూ దీనికే. బోర్డు మీద నీ పేరు రాయిద్దామయ్యా అంటే "ఎందుకు సార్, మేకలకి చదువొచ్చా ఏంటి" అన్నాడు!

ఈరోజు రెడ్‌క్రాస్‌కి బీజం వేసిన హెన్రీ డ్యూనాంట్ పుట్టినరోజు. 1859 జూన్‌లో ఆయన ఇటలీ వెళ్ళింది సేవకేం కాదు, తన వ్యాపారం గొడవ ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌కి చెప్పుకుందామని. అప్పుడే అక్కడ జరిగిన సోల్ఫెరినో యుద్ధంలో ఒక్కరోజే చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి దాదాపు 40 వేల మంది. పక్క ఊరు కాస్టిగ్లియోనెలో చర్చి నిండా దెబ్బలు తగిలిన సైనికులే, ఆ ఊరి ఆడవాళ్ళు ఏ దేశం వాడివని అడక్కుండా నీళ్ళు తాగించారు, కట్లు కట్టారు, "తుత్తి ఫ్రతెల్లి" అనుకుంటూ, అంటే అందరూ అన్నదమ్ములే అని. అది చూసే ఆయన పుస్తకం రాశాడు, 1863లో జెనీవాలో రెడ్‌క్రాస్‌కి మూలమైన కమిటీ పుట్టింది. తర్వాత పాపం ఆయనే దివాలా తీసి కమిటీలోంచి బయటికి పోయాడు, 1895లో పేపరువాళ్ళు స్విట్జర్లాండ్‌లో హైడెన్ అనే ఊళ్ళో కనిపెట్టేదాకా జనం మర్చేపోయారు. 1901లో మొదటి నోబెల్ శాంతి బహుమతిలో వాటా ఇచ్చారనుకోండి. నీళ్ళు తాగించిన ఆ ఆడవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

బోర్డు మార్పిద్దామని మొన్న మీటింగులో అడిగా, దండగ ఖర్చెందుకు అన్నారు. సరే, ఉండనిద్దాం. టిఫిన్లయ్యాక గ్లాసుల్లో మిగిలిన నీళ్ళు మాత్రం అక్కడ పారబోయకండి, ఇటు తెచ్చి ఈ చెట్టు మొదట్లో పోయండి, వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి చూస్తున్నాడు.